క్వాంటం అంటే ‘ఏమైనా జరగొచ్చు’ అని కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో విశ్వం పుట్టుక మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఇలాంటి విషయానికి పేజీ మొత్తం కేటాయించారు, అందుకు ముందుగా కృతజ్ఞతలు. భాష హైస్కూలు పిల్లలకు కూడా అందేలా ఉంది. కానీ ఒక మాట దగ్గర నా మనసు ముందుకు కదల్లేదు. క్వాంటం లోకంలో, అంటే పరమాణువులంత చిన్న వస్తువుల లోకంలో, ఏదైనా సాధ్యమే, అందుకే శూన్యంలోంచి విశ్వం తనంతట తానే ఊడిపడింది, దానికి నియమమంటూ వెతకనక్కర్లేదు అన్న అర్థం వచ్చేలా రాశారు. ఆ ఒక్క మాట గురించే ఈ ఉత్తరం.

నేను 31 ఏళ్లు ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. ఒక్క మాటకు ఇంత పట్టింపు ఎందుకని మీకు అనిపించవచ్చు. అమరావతిలో క్వాంటం వ్యాలీ అని ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి మా వీధిలో కూడా ఆ మాట తిరుగుతోంది. కూరగాయల బండి దగ్గర నిలబడినా, “మేడంగారూ, మా వాణ్ణి క్వాంటంలో చేర్పిస్తే భవిష్యత్తు ఉంటుందా?” అని అడుగుతున్నారు. కేంద్రం 2023 ఏప్రిల్‌లో జాతీయ క్వాంటం మిషన్‌కు 6 వేల కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసింది. మంచిదే. అయితే మొన్నీమధ్య పక్కింటి కుర్రాడు, ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాడు, సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వాళ్ల కాలేజీకి ఎవరో వచ్చి వ్యక్తిత్వ వికాసం మీద క్లాసు చెప్పారట. “మామ్మగారూ, మనం గట్టిగా అనుకుంటే క్వాంటం ప్రకారం ర్యాంకు మనవైపే వస్తుందంట, నిజమేనా?” అన్నాడు. నిజంగానే నమ్మి అడిగాడు. వాడికి ఎల్లుండి ఫిజిక్సు పరీక్ష. నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

మీ వ్యాసంలో ఉన్న మాటా, ఆ క్లాసులో చెప్పిన మాటా ఒక గూటి పక్షులే. క్వాంటం అంటే దేనికైనా తలుపులు తెరిచేసే మంత్రం అన్న నమ్మకం రెండింటి కిందా ఉంది. ఉన్నది దానికి సరిగ్గా ఎదురు. క్వాంటం సిద్ధాంతం ముందుగా చెప్పేది ఏది కుదరదో. విశ్వం తొలి రోజుల గురించి మనుషులు అల్లిన ఎన్నో అందమైన సిద్ధాంతాలను చెత్తబుట్టలో వేసింది ఆ ‘కుదరదు’ అన్న మాటే.

మా కాలేజీలో డార్క్ రూమంటే, స్టోరు గదికి నల్లగుడ్డ తెర కట్టుకున్నది. బల్ల మీద కాంతిని రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రోమీటరు, దాని ముందు హైడ్రోజన్ ట్యూబు, పక్కన ఇండక్షన్ కాయిల్. కాయిల్ వేయగానే గదిలో తుమ్మెద చిక్కుకున్నట్టు ఒకటే రొద, ట్యూబు గులాబీ రంగులో వెలిగేది. టెలిస్కోపు మెల్లగా పక్కకు తిప్పుతూ పోతే చీకట్లో ముందు సన్నటి ఊదా గీత కనిపిస్తుంది. ఇంకాస్త తిప్పితే నీలమూ ఆకుపచ్చా కలిసిన గీత. ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు, ఉత్త చీకటి. అప్పుడు ఒక్కసారిగా ఎర్రటి గీత. కుంకుమ గీసినట్టుంటుంది. వెర్నియర్ మీద భూతద్దం పెట్టి కోణం చదివి రికార్డులో రాసుకోవాలి. ఒక ఏడు బీఎస్సీ రెండో సంవత్సరం అమ్మాయి, తండ్రి రొయ్యల చెరువు మీద కాపలా ఉంటాడు, కన్ను టెలిస్కోపు మీంచి తీయకుండానే అడిగింది: “మేడం, ఈ ఎర్రగీత ఇక్కడే ఎందుకు పడాలండి? కొంచెం పక్కకి పడితే ఏమవుద్దండి?”

పడదు. క్వాంటం సిద్ధాంతం పెరిగి పెద్దయ్యింది ఆ పిల్ల అడిగినలాంటి ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూనే. హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్‌కు మెట్లు ఉన్నాయి. మెట్టు మీద నిలబడగలదు గానీ రెండు మెట్ల మధ్య గాలిలో నిలబడలేదు. మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకు దిగితే వచ్చే కాంతి అలపొడవు 656 నానోమీటర్లే. భీమవరంలో చూసినా అంతే, బెర్లిన్‌లో చూసినా అంతే. ఎప్పుడు చూసినా అంతే అన్నది దీనికన్నా పెద్ద మాట. 1,380 కోట్ల ఏళ్ల కిందట కూడా మెట్లు ఇవే. అందుకే ఆనాటి సంగతి ఈనాడు లెక్క కట్టగలుగుతున్నాం.

విశ్వం తొలినాళ్లలో పరమాణువులు లేవు. ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు, హీలియం కేంద్రకాలు విడివిడిగా ఉడుకుతుండేవి, వాటి మధ్య చిక్కుకుని కాంతి దారి దొరక్క తిరుగుతుండేది. చల్లబడ్డాక ఎలక్ట్రాన్లు ప్రోటాన్లతో కూడి హైడ్రోజన్ అయ్యాయి, కాంతికి దారి తెరుచుకుంది. ఎప్పుడు? హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ను లాగేయడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. దాన్ని నేరుగా వేడిలోకి మారిస్తే లక్షన్నర డిగ్రీలు. విశ్వం అంతకన్నా చల్లబడగానే పరమాణువులు నిలబడాలి కదా అనిపిస్తుంది. నిలబడలేదు. 3 వేల డిగ్రీల దాకా దిగితే గానీ నిలబడలేదు. ఒక్కో ప్రోటాన్‌కు దాదాపు 160 కోట్ల కాంతి కణాలు ఉండటమే దీనికి కారణం. సగటు వేడి తగ్గినా అంత గుంపులో పరమాణువును పగలగొట్టే బలవంతులు కొందరు మిగిలే ఉంటారు. ఈ లెక్కకు మొదటి మెట్టు ఏ వేడిలో ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఉంటాయో చెప్పే, మన మేఘనాద్ సాహా 1920లో కట్టిన సమీకరణం. ఆయన దాన్ని నక్షత్రాల వర్ణపటాల కోసం కట్టారు. అదే ఈ రోజుకీ ప్రపంచంలో ఎక్కడ విశ్వశాస్త్రం చెప్పినా బోర్డు మీదకు వస్తుంది. ఇది మన పిల్లలకు తెలియాలి.

సాహా లెక్క ఒక్కటే సరిపోలేదు. ఇక్కడి నుంచి కథ నాకు ఎంతో ఇష్టం. రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుని, ఇన్నేళ్లూ పిల్లలకు ఇది చెప్పలేకపోయానే అని బాధపడ్డాను. ఎలక్ట్రాన్ నేరుగా అడుగు మెట్టుకు దూకితే బయటికొచ్చే కాంతి కణానికి పక్కనున్న పరమాణువును పగలగొట్టేంత శక్తి ఉంటుంది. ఒకటి కడితే ఒకటి కూలింది, లాభం లేదు. రెండో మెట్టు దాకా దిగి అక్కణ్నుంచి దూకినా అంతే, ఆ కాంతిని పక్క పరమాణువు మింగి పైమెట్టు ఎక్కి కూర్చుంటుంది, దాన్ని మళ్లీ పడగొట్టడం తేలిక. మరి ఈ ముడి ఎలా వీడింది? రెండో మెట్టులో రెండు గదులున్నాయి. ఒక గదిలోంచి ఎలక్ట్రాన్ సెకనులో కోట్లో వంతుకన్నా తక్కువ కాలంలో కిందకు దూకేస్తుంది. రెండో గదికి మాత్రం క్వాంటం నియమం ఒక తాళం వేసింది. అక్కణ్నుంచి ఒక్క కాంతి కణాన్ని వదిలి దిగడానికి వీల్లేదు, ఒకేసారి రెండింటిని వదలాలి. అది చాలా అరుదుగా జరిగే పని. సగటున సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది. మొదటి గదితో పోలిస్తే ఏడు కోట్ల రెట్లకు పైగా నిదానం. కానీ శక్తి రెండు కణాల మధ్య పంచుకుపోవడం వల్ల ఏ ఒక్కదానికీ పక్క పరమాణువును పైమెట్టుకు ఎక్కించే బలం ఉండదు. అలా దిగిన ఎలక్ట్రాన్ దిగినట్టే. విశ్వంలోని హైడ్రోజన్‌లో సగానికి పైగా ఈ ఇరుకు సందులోంచే దిగి స్థిరపడింది. 1968లో అమెరికాలో పీబుల్స్, మాస్కోలో జెల్దోవిచ్, కుర్ట్, సున్యాయెవ్ ఎవరి దారిన వాళ్లు ఇది లెక్క కట్టారు.

ఆ తాళం లేకపోతేనో, ఇంకాస్త వదులుగా ఉంటేనో విశ్వం వేరే సమయంలో తేటపడేది, ఆకాశం మీద ఆనాటి కాంతి వేసిన మచ్చలు, అంటే కాస్త వేడిగానో కాస్త చల్లగానో ఉండే చోట్లు, వేరేగా ఉండేవి. యూరప్ వాళ్ల ప్లాంక్ ఉపగ్రహం ఆ మచ్చలను కొలిచింది. 2015లో ఆ శాస్త్రవేత్తలు లెక్కను తిరగేశారు. మచ్చలను బట్టి ఆ రెండు కణాల దిగుడు సెకనుకు ఎన్నిసార్లు జరగాలి అని చూస్తే సుమారు 7.7 వచ్చింది, అటూఇటూ 0.6 తేడాతో. పరమాణు సిద్ధాంతం కాగితం మీద చెప్పేది 8.2. ఆకాశమంతటినీ డార్క్ రూమ్ చేసుకుని హైడ్రోజన్ ప్రాక్టికల్ చేసినట్టయింది! ఏదైనా సాధ్యమే అయ్యుంటే ఈ రెండు అంకెలు ఒకదానికొకటి ఎందుకు దగ్గర పడాలి?

తేటపడ్డాక బయల్దేరిన ఆ కాంతి ఇప్పటికి 2.725 కెల్విన్‌కు చల్లబడి, మైక్రోవేవుగా అన్ని దిక్కుల నుంచీ మనమీద పడుతోంది. 1990 జనవరిలో కోబే ఉపగ్రహం ఆ కాంతిని కొలవగా వచ్చిన మొదటి గ్రాఫును అమెరికా ఖగోళ శాస్త్రవేత్తల సమావేశంలో చూపించినప్పుడు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. కొలిచిన చుక్కలన్నీ సిద్ధాంతం గీసిన వంపు మీదే కూర్చున్నాయి. ఆ వంపు వెనక 1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో సత్యేంద్రనాథ్ బోస్ చేసిన లెక్క ఉంది. కాంతి కణాలు గోలీల్లాంటివి కావు, ఇది నీది అది నాది అని గుర్తుపెట్టి వేరు చేయలేం అన్నది ఆయన ఆలోచన. వాటిని గోలీల్లా లెక్కపెడితే వంపు తప్పుతుంది, కోబే చుక్కలకు అతకదు. విశ్వం ఎప్పుడూ ఇలాగే ఉంది, వేడి దశ అంటూ లేదు అన్న సిద్ధాంతాలకు ఈ వంపు దగ్గరే ఊపిరాడలేదు.

ఇంకా వెనక్కి, తొలి నిమిషాల్లోకి వెళ్తే అక్కడా ఇదే వరస. హీలియం ఎంత తయారవ్వాలన్నది అప్పుడు ఎన్ని రకాల తేలికపాటి కణాలు ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. ఆకాశంలోని మామూలు పదార్థం బరువులో హీలియం దాదాపు పాతిక శాతం. దాన్ని బట్టి న్యూట్రినోలనే తేలికపాటి కణాల రకాలు ఎన్నో ఉండటానికి వీల్లేదని 1977లోనే స్టైగ్‌మన్, శ్రామ్, గన్ హద్దు గీశారు. 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాల యంత్రం లెక్కపెడితే మూడే రకాలు తేలాయి. దీని గురించి ఇంకా రాయొచ్చు గానీ నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది దీనికన్నా ముందరి క్షణం గురించి. మీ వ్యాసం తప్పటడుగు వేసింది అక్కడే.

అనిశ్చితి సూత్రం పేరు వినగానే మన రచయితలు అన్నిటికీ అనుమతి దొరికినట్టు రాస్తారు. హైజెన్‌బర్గ్ 1927లో చెప్పింది ఒక నిషేధం. ఊయల సరిగ్గా నడిమధ్యన ఉండాలి, అదే సమయంలో పూర్తిగా కదలకుండా ఉండాలి అంటే ప్రకృతి ఒప్పుకోదు. ఎంత ఆపినా చిటికెడు వణుకు మిగులుతుంది. ఎంత అన్నదానికి అంకె ఉంది, అంతకన్నా తక్కువ కుదరదు. ఇదే మాటను విశ్వం తొలి క్షణంలో అంతటా పరుచుకుని ఉన్న శక్తి క్షేత్రానికి (ఫీల్డుకు) అన్వయిస్తే, విశ్వం ఉగ్గిన్నెలో పాలంత నున్నగా మొదలవ్వడానికి వీల్లేదని తేలుతుంది. మాస్కోలో ముఖానోవ్, చిబిసోవ్ 1981లో ఈ వణుకే సాగి సాగి నక్షత్ర మండలాలకు విత్తనం అయ్యిందని లెక్క చూపించారు. అప్పటికి ఆ మచ్చలను ఎవరూ చూడలేదు. కోబే వాటిని చూసింది 1992లో, లక్షలో ఒక వంతు హెచ్చుతగ్గులు.

ఈ వణుకుకు అంకె ఉండటం వల్ల ఏం జరిగిందో చూడండి. విశ్వం మొదట్లో కన్నుమూసి తెరిచేలోపు లెక్కకు మించి ఉబ్బిందన్న ఆలోచనను 1981లో అలన్ గూత్ ప్రచురించారు. అందులో లొసుగు ఉందని ఆయనే ఒప్పుకున్నారు. మరుసటేడు లిండే, ఆల్‌బ్రెక్ట్, స్టైన్‌హార్ట్ దాన్ని సరిచేశారు, అందరికీ నచ్చింది. 1982 వేసవిలో కేంబ్రిడ్జిలో సుమారు మూడు వారాల సమావేశం. హాకింగ్, గూత్, స్టారోబిన్‌స్కీ, బార్డీన్, టర్నర్, స్టైన్‌హార్ట్ అందరూ అక్కడే ఉన్నారు. ఆ కొత్త నమూనాలో క్వాంటం వణుకు ఎంత వస్తుందో కూర్చుని లెక్క కట్టారు. ముందు ఒకరికొకరికి పొంతన కుదరలేదు, చివరికి ఒకే జవాబు దగ్గరికి వచ్చారు. ఉండాల్సిన దానికన్నా లక్షల రెట్లు ఎక్కువ వచ్చింది. అంత వణుకుతో నక్షత్రాలు, గ్రహాలు ఉన్న మన విశ్వం ఏర్పడదు. అంతే, తాము ఎంతో ఇష్టపడ్డ ఆ నమూనాను వాళ్లే పక్కన పెట్టేశారు. ఉబ్బరింపు ఆలోచన మిగిలింది. దాన్ని నడిపించే క్షేత్రం తనతో తాను ఎంత బలహీనంగా పెనవేసుకుని ఉండాలో ఆ లెక్కే నిర్ణయించింది. పెద్ద పెద్దవాళ్లు తమ లెక్కకు తామే తలవంచిన ఆ మూడు వారాల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

తర్వాత కూడా అదే దారి. చిన్న మచ్చలూ పెద్ద మచ్చలూ దాదాపు ఒకే బలంతో ఉండాలి, కానీ పూర్తిగా ఒకటి కాకూడదు, కొద్దిగా ఒరిగి ఉండాలి అన్నారు సిద్ధాంతులు. అచ్చంగా సమానమైతే ఆ అంకె 1. ప్లాంక్ కొలిచింది 0.965. ఇదే వణుకు గురుత్వ తరంగాల్లో కూడా ఉండాలి. 2014 మార్చిలో దక్షిణ ధ్రువం దగ్గరి బైసెప్ దుర్భిణి బృందం ఆ జాడ దొరికిందని ప్రకటిస్తే ప్రపంచమంతా పండగ చేసుకుంది. నేను క్లాసులో పాఠం ఆపి పిల్లలకు చెప్పాను. ఏడాది తిరక్కముందే, వాళ్లు చూసింది మన పాలపుంతలోని ధూళి అని ప్లాంక్ వాళ్లతో కలిసి చేసిన లెక్కలో తేలింది. మళ్లీ అదే క్లాసుకు వెళ్లి, మొన్న చెప్పింది నిలవలేదని చెప్పాను. అదే బృందం 2021లో ఆ జాడ మచ్చల బలంలో 0.036 వంతుకు మించదని హద్దు గీసింది. ఆ హద్దుతో పాఠ్యపుస్తకాల్లో ఉండే ఎన్నో సులువైన నమూనాలు చచ్చిపోయాయి.

ఇక శూన్యం సంగతి. 1982లో విలెంకిన్, 1983లో హార్టిల్, హాకింగ్ విశ్వం ఆరంభాన్ని క్వాంటం భాషలో చెప్పడానికి ప్రయత్నించిన మాట నిజం. వాళ్లు నియమం లేదని అనలేదు. కాలం, స్థలం లేనిచోట కూడా క్వాంటం నియమాలు పనిచేస్తాయని ఊహించి, వాటితో లెక్క కట్టారు. వాళ్ల ‘శూన్యం’ మన అటకమీది ఖాళీ డబ్బా లాంటిది కాదు. పైగా ఆ రెండు లెక్కలూ ఒకదానితో ఒకటి ఏకీభవించవు, ఏది సరైనదో చెప్పే కొలత ఇప్పటికి లేదు. సెకనులో దశాంశ బిందువు తర్వాత 44వ స్థానంలో గానీ అంకె రానంత చిన్న తొలి క్షణానికి వెళ్తే గురుత్వాన్నీ క్వాంటంనూ కలిపే సిద్ధాంతం కావాలి, అది ఇంకా చేతికి రాలేదు. అక్కడ ‘ఇంకా తెలియదు’ అని అచ్చు వేస్తే పాఠకుడు మిమ్మల్ని తక్కువ చేసి చూడడు. నేను 31 ఏళ్లు క్లాసులో ఆ మాట అన్నాను, ఒక్క పిల్లా పిల్లాడూ లేచి వెళ్లిపోలేదు.

మీకు రెండు విన్నపాలు. క్వాంటం మీద ఏ వ్యాసం వచ్చినా, అచ్చుకు వెళ్లేముందు దగ్గర్లోని డిగ్రీ కాలేజీ ఫిజిక్సు లెక్చరర్‌కు ఒకసారి చూపించండి. ఎవరూ డబ్బు అడగరు, సంతోషంగా చూసిపెడతారు. రెండోది, చాలా కాలేజీల్లో స్పెక్ట్రోమీటర్లు బీరువాల్లోనే ఉండిపోతున్నాయి. ప్రాక్టికల్ చేయకుండానే పాత రికార్డు చూసి రీడింగులు ఎక్కించుకుంటున్నారు. ఆ గీత కళ్లారా చూడని పిల్లలు రేపు క్వాంటం వ్యాలీలో ఏ కుర్చీలో కూర్చుంటారో ఎవరైనా ఆలోచించారా? మీ విలేకరులు ఒక్క జిల్లాలో తిరిగి ఎన్ని డార్క్ రూములు నడుస్తున్నాయో రాయండి.

ఈలోగా మీ పిల్లల పేజీలో దీనికి నాలుగు అంగుళాల చోటు ఇవ్వండి. పాత సీడీ ఒకటి, పాత సీఎఫ్‌ఎల్ బల్బు ఒకటి కావాలి. గది చీకటి చేసి, బల్బుకు కాస్త దూరంగా నిలబడి, సీడీ మెరిసే వైపును ఏటవాలుగా పట్టుకుని, అందులో కనిపించే బల్బు ప్రతిబింబం పక్కన వచ్చే రంగులు చూడమనండి. ఆ ఒక్క బల్బు బొమ్మే ఎరుపులో, ఆకుపచ్చలో, నీలంలో వేర్వేరుగా కనిపిస్తుంది, మధ్యలో చీకటి సందులు ఉంటాయి. తర్వాత ఎల్‌ఈడీ బల్బు పెట్టి చూడమనండి, రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి పరుచుకుంటాయి. సూర్యుడి వైపు మాత్రం సీడీ తిప్పవద్దని తప్పకుండా వేయండి. పక్కింటి కుర్రాడికి నిన్న రాత్రి మా వంటింట్లో ఇది చూపించాను. పది నిమిషాలు సీడీ వదల్లేదు. ఆకుపచ్చకూ ఎరుపుకూ మధ్యన ఎందుకు ఖాళీగా ఉందని వాడే అడిగాడు. ఎల్లుండి పరీక్ష అయ్యాక మళ్లీ రమ్మన్నాను.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకురాలు,
భీమవరం